పైలట్‌కి కనపడనిది మనకెందుకు చూపిస్తారు?

విమానాల యుద్ధం మీద వచ్చిన సినిమాల్లో నాకు నచ్చినవేవో, నచ్చనివేవో విడదీయడానికి నా దగ్గర ఒక్కటే కొలత ఉంది. కాక్‌పిట్‌లో కూర్చున్న మనిషికి ఎంత కనిపిస్తోందో నాకూ అంతే కనిపించాలి. అతనికి తెలియనిది నాకూ తెలియకూడదు. అన్నీ ముందే చూపించేస్తే ఎన్ని వందల కోట్లు పోసి తీసినా నాకు టెన్షన్ రాదు.

2024 జనవరిలో వచ్చిన 'ఫైటర్' చూడండి. మిసైల్ వెనకాల కెమెరా, విమానం పొట్ట కింద కెమెరా, రెండు జెట్ల మధ్య సందులోంచి దూరిపోయే కెమెరా. ఆ సినిమాలో అన్నిటికన్నా వేగంగా ఎగిరేది కెమెరాయే. దానికి ఇంధనం అయిపోదు, దాన్ని ఎవరూ కూల్చలేరు, ఎటు తిరిగినా దానికి తల తిరగదు. దానికి భయం లేదు కాబట్టి దాని పక్కన కూర్చున్న నాకూ లేదు. హృతిక్ రోషన్ పళ్ళు బిగబట్టినప్పుడల్లా నేను పాప్‌కార్న్ డబ్బాలో అడుగున ఏం మిగిలిందా అని చూసుకున్నాను. ఆ తర్వాత కొన్ని వారాలకే మన వరుణ్ తేజ్ 'ఆపరేషన్ వాలెంటైన్' వచ్చింది. తక్కువ డబ్బుతో, నిజాయితీగానే తీశారు. కానీ జబ్బు మాత్రం అదే. శత్రువు ఎటునుంచి వస్తున్నాడో హీరోకన్నా ముందు నాకు తెలిసిపోతోంది.

విశాఖలో ఉండేవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. నేవీ డే విన్యాసాలు ఇక్కడ జరిగే ఏడాది, నవంబర్ నెలాఖరులో రిహార్సల్స్ మొదలవుతాయి. సాయంత్రం అయ్యేసరికి ఆర్కే బీచ్‌లో జనం కిక్కిరిసిపోతారు. నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా నుంచి లేచిన హాక్ జెట్లు సముద్రం వైపునుంచి తిన్నగా మన మీదికి వస్తాయి. వచ్చేటప్పుడు చప్పుడు ఉండదు. ఎవరో 'అదిగో' అంటారు, అందరూ తలో పక్కకీ తిరుగుతారు. తల మీద ఆకాశం చిరిగినట్టు మోత వినపడేసరికి విమానం డాల్ఫిన్స్ నోస్ కొండ దిక్కుగా పోయి ఉంటుంది. ఆ రోజు ఎవరి ఫోన్ తీసి చూసినా సగం వీడియోల్లో ఉండేది ఖాళీ ఆకాశం, పక్కవాడి మోచెయ్యి, 'అరే పోయింది' అన్న గొంతు. ముందే ప్రకటించి, మన కోసమే ఎగిరే విమానం సంగతే ఇలా ఉంటే, మనని చంపడానికి సూర్యుణ్ణి వీపున పెట్టుకుని వచ్చేవాడు ఎలా కనపడతాడు?

మా వీధిలో ఒకాయన నేవీలో విమానాల మెయింటెనెన్స్ చేసి రిటైరయ్యారు. ఆయన మాట ఒకటి నాకు బాగా నచ్చింది: 'ఆకాశం చాలా పెద్దది బాబూ, అందులో ఇంకో విమానం కంటపడటమే సగం యుద్ధం.' ఈ సగం యుద్ధాన్ని తీయడం తెలిసిన దర్శకులు చాలా తక్కువ.

తెలిసినవాళ్ళలో మొదటివాడు విలియం వెల్‌మన్. 1927 నాటి మూకీ 'వింగ్స్' ఆయనది. ఉత్తమ చిత్రంగా మొట్టమొదటి ఆస్కార్ దానికే వచ్చింది. వెల్‌మన్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో స్వయంగా ఫైటర్ విమానం నడిపినవాడు. టెక్సాస్‌లో షూటింగ్ పెట్టుకుని, ఆకాశంలో మబ్బులు లేని రోజున కెమెరా తిప్పనని మొండికేశాడు. వందల మంది, పదుల కొద్దీ విమానాలు, రోజుకింత ఖర్చు. స్టూడియో వాళ్ళకి గుండెదడ. ఆయన లెక్క మాత్రం తేలికైనది. ఒట్టి నీలం ఆకాశం ముందు విమానం ఎంత వేగంగా పోయినా గోడకి అంటించిన బొమ్మలా నిలబడి ఉంటుంది. వెనకాల మబ్బు జరుగుతుంటేనే వేగం తెలుస్తుంది, ఎత్తు తెలుస్తుంది. ఇంకో లాభం, మబ్బులో దాక్కోవచ్చు. దాంతో అంతవరకూ తెరకి అందంగా ఉన్న మబ్బు ఉన్నట్టుండి అనుమానించాల్సిన చోటవుతుంది.

అంతకన్నా పెద్ద తెగింపు ఇంకోటి చేశాడు. కాక్‌పిట్ ముందు మోటారు కెమెరా బిగించి, దాన్ని నటుడి ముఖం వైపు తిప్పి పెట్టాడు. గాల్లోకి వెళ్ళాక దాన్ని ఆన్ చేసుకోవాల్సింది నటుడే. పైలట్, హీరో, కెమెరామన్ అన్నీ తనే. హీరో బడ్డీ రోజర్స్‌కి షూటింగ్ మొదలయ్యేటప్పటికి విమానం నడపడం రాదు, దీనికోసమే నేర్చుకున్నాడు. ఆ ముఖంలో జుట్టు ఎగరడం, పెదవులు వణకడం నటన అనిపించదు. సరిగ్గా 95 ఏళ్ళ తర్వాత 'టాప్ గన్: మావరిక్' వాళ్ళు చేసింది కూడా ఇదే. ఎఫ్/ఎ-18 జెట్ ముందు సీట్లో నేవీ పైలట్, వెనక సీట్లో నటుడు, అతని చుట్టూ కెమెరాలు. పైకి వెళ్ళాక ఆన్ చేసుకోవడం, లైటింగ్ చూసుకోవడం, డైలాగు చెప్పడం, వాంతి ఆపుకోవడం అన్నీ అతనివే. ఆ సినిమా కథలో శత్రుదేశం పేరు కూడా చెప్పరు, సగం సన్నివేశాలు ఎక్కడో చూసినట్టే ఉంటాయి. అయినా బుగ్గలు కిందికి జారిపోతున్న ఆ ముఖాల వల్ల నేను దాన్ని రెండోసారి కూడా చూశాను.

1930 నాటి హోవర్డ్ హ్యూస్ 'హెల్స్ ఏంజెల్స్' గురించి పెద్దగా చెప్పను. విమానాల దృశ్యాలు అద్భుతం, తీస్తుండగా ప్రాణాలు పోయాయి, హ్యూస్ స్వయంగా విమానం నడిపి కూల్చుకుని ఆస్పత్రి పాలయ్యాడు. అయితే నేల మీద జరిగే ప్రేమకథ ఉంది చూశారూ, అది ఓర్చుకోవాలంటే నిజంగా యుద్ధవీరుల గుండె ఉండాలి.

1955లో వచ్చిన 'ది డ్యామ్ బస్టర్స్'లో నాకు నచ్చేది దీపాల సన్నివేశం. 1943 మే నెలలో బ్రిటిష్ వాయుసేన లాంకాస్టర్ బాంబర్లు జర్మనీ ఆనకట్టల మీద దాడికి వెళ్ళాయి. నీటి మీద రాయి ఎగిరెగిరి పడ్డట్టు ఎగిరే బాంబు అది. సరిగ్గా 60 అడుగుల ఎత్తునుంచి వదలకపోతే పనిచేయదు. చీకట్లో, నీటి మీద, 60 అడుగులని ఏ మీటరూ నమ్మకంగా చెప్పలేదు. అందుకని విమానం కింద రెండు దీపాలు వంకరగా బిగించారు. రెండు వెలుగు చుక్కలూ నీటి మీద ఒకదానికొకటి తాకితే అది 60 అడుగులన్నమాట. బాంబర్‌లో ఉన్నవాళ్ళు మొత్తం ఆనకట్టనీ, తుపాకులనీ మరిచిపోయి ఆ రెండు చుక్కలనే చూస్తుంటారు. మనమూ అవే చూస్తాం. ఒక ఆనకట్ట బద్దలవడం కన్నా రెండు చుక్కలు కలుసుకోవడం ఎక్కువ ఉత్కంఠగా ఉండటం సినిమా అంటే తెలిసినవాళ్ళు చేసే మాయ. వెళ్ళిన 19 విమానాల్లో 8 తిరిగి రాలేదు, 53 మంది పోయారు. సినిమా చివర్లో గెలుపు సంబరం ఉండదు. దళనాయకుడు గిబ్సన్ కొన్ని ఉత్తరాలు రాయాలని చెప్పి గదికి వెళ్ళిపోతాడు. ఎవరికో మనకి చెప్పక్కర్లేదు.

నా లెక్కలో వీటన్నిటికీ పైన ఉండేది 2017 నాటి 'డన్‌కర్క్'. 1940లో ఫ్రాన్స్ తీరంలో చిక్కుకుపోయిన బ్రిటిష్ సైనికుల్ని తప్పించిన కథ అది. సినిమా మొత్తం గురించి కాదు, అందులో బ్రిటిష్ ఫైటర్ విమానాలు స్పిట్‌ఫైర్ల గంట గురించి. తీరం మీద వారం, పడవలో ఒక రోజు, ఆకాశంలో ఒక గంట, మూడింటినీ అల్లి చెప్పాడు దర్శకుడు నోలన్. మొదట్లోనే పైలట్ ఫారియర్ ఫ్యూయల్ మీటర్ దెబ్బతింటుంది. ఇక అతని దగ్గర ఎంత ఇంధనం ఉందో అతనికే తెలియదు. పక్క విమానంలో ఉన్న కాలిన్స్‌ని రేడియోలో అడుగుతాడు, నీ దగ్గర ఎంతుందని. అతను చెప్పిన అంకెని సుద్దముక్కతో డ్యాష్‌బోర్డు మీద రాసుకుంటాడు. అక్కణ్ణుంచి వాచీ చూసుకుంటూ లెక్క కట్టడమే. ఫారియర్‌గా వేసిన టామ్ హార్డీ ముఖం దాదాపు సినిమా అంతా మాస్కులోనే ఉంటుంది, కళ్ళు తప్ప ఏమీ కనపడవు. ఆ కళ్ళు ఒకసారి అద్దంలోకి, ఒకసారి వాచీ మీదికి, ఒకసారి సుద్ద అంకె మీదికి పోతుంటాయి. వెనక్కి తిరిగి వెళ్ళిపోవాల్సిన సమయం దాటిపోయిందని డైలాగు లేకుండా మనకి తెలిసిపోతుంది.

అందులోనే ఇంకో చిన్న సంగతి ఉంది. నా వాదన అంతా ఈ ఒక్క సంగతితో చెప్పెయ్యవచ్చు. కాలిన్స్ విమానం దెబ్బతిని నీటి మీద దిగుతుంది. పైనుంచి ఫారియర్ చూస్తాడు. కాక్‌పిట్‌లోంచి చెయ్యి ఊపుతున్నట్టు కనిపిస్తుంది. క్షేమంగా ఉన్నాడనుకుని ముందుకి వెళ్ళిపోతాడు. మనమూ అలాగే అనుకుంటాం. కాసేపటికి కథ పడవవైపునుంచి అదే చోటికి వస్తుంది. అప్పుడు తెలుస్తుంది, పై మూత ఇరుక్కుపోయింది, కాలిన్స్ లోపల నీళ్ళలో మునిగిపోతున్నాడు, ఆ చెయ్యి ఊపింది వీడ్కోలుకి కాదు. వెయ్యి అడుగుల పైనుంచి చూస్తే సాయానికి కొట్టుకునే చెయ్యీ, టాటా చెప్పే చెయ్యీ ఒకేలా ఉంటాయి. ఇదే మన 'ఫైటర్' లాంటి సినిమాలో అయితే కెమెరా ఒక్క గంతులో నీటి మీదికి దూకి, మూత ఇరుక్కున్నది క్లోజప్‌లో చూపించి, వెనక వయొలిన్లు మోగించి ఉండేది.

నా కొలతకి లొంగని సినిమా ఒకటుంది, అది కూడా చెప్పాలి కదా. 1969 నాటి 'బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్'. అందులో కెమెరా బయటే తిరుగుతుంది, అన్నివైపులా చూపిస్తుంది. కానీ చివర్లో పెద్ద పోరాటం వచ్చేసరికి ఇంజిన్ల మోత, తుపాకుల చప్పుడు అన్నీ తీసేసి విలియం వాల్టన్ సంగీతం ఒక్కటే ఉంచారు. నిర్మాతలు ఆయన సంగీతం మొత్తం పక్కన పెట్టేసి వేరేవాళ్ళతో చేయించుకున్నా, ఈ ఒక్క ముక్క మాత్రం మిగిలింది. పొగ గీతలు, తెల్లటి చారలు, ఎవరు ఎవరో తెలియని విమానాలు. కన్నుకి అన్నీ ఇచ్చి చెవి లాగేసుకున్నారన్నమాట. ఏదో ఒకటి లాగేసుకుంటే చాలు, నేను ముందుకి జరిగి కూర్చుంటాను.

మా మేనల్లుడు గాజువాకలో ఉంటాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడికి నా మాటలు అస్సలు నచ్చవు. 'మావయ్యా, నువ్వు చెప్పేవన్నీ ప్రొపెల్లర్ కాలం నాటివి. ఇప్పుడు శత్రువు కంటికి కనపడకముందే మిసైల్ వచ్చేస్తుంది. ఇంక కాక్‌పిట్‌లోంచి చూడ్డానికి ఏముంటుంది? గ్రాఫిక్స్ లేకపోతే తెర మీద ఏం చూపిస్తారు?' అంటాడు. ప్రశ్న సరైనదే. కానీ అది నా వైపే పడుతుంది. శత్రువు అసలు కనపడడు అంటే చూపించకుండా తీయగలిగినవాడికి అంతకన్నా ఏం కావాలి?

వాణ్ణి బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియంకి తీసుకెళ్ళాను. 29 ఏళ్ళు నేవీలో పనిచేసి 2017లో రిటైరైన విమానం. నాలుగు ఇంజిన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. బయటినుంచి చూస్తే ఎంత పెద్దదో, లోపలికి వెళ్తే అంత ఇరుకు. ఎటు చూసినా డయల్స్, స్విచ్‌లు, తీగలు. అందులో కూర్చున్నవాళ్ళ పని గంటల తరబడి సముద్రం మీద తిరగడం, నీటి కింద చప్పుళ్ళు పట్టే సోనోబాయ్‌లు నీళ్ళలోకి వదలడం, కింద సబ్‌మెరైన్ చప్పుడు ఏమైనా వినపడుతుందేమో అని చెవులు పెట్టుకు కూర్చోవడం. యుద్ధ విమానంలో ఉండి కూడా వాళ్ళు ఏమీ చూడరు, వింటారు. వాడు ఒక సీటు చూపించి 'ఇక్కడ కూర్చుని ఎన్ని గంటలు?' అని అడిగాడు. అలా అడిగించే సినిమా ఒక్కటి తీయండి చాలు, గ్రాఫిక్స్ బడ్జెట్ అంతా వెనక్కి ఇచ్చెయ్యవచ్చు.

ఇలాంటి సినిమా ఉంది కూడా. 1949 నాటి 'ట్వెల్వ్ ఓక్లాక్ హై'. బాంబర్ల దళం కథ అయినా సినిమాలో ఎక్కువ భాగం నేల మీదే. ఉదయం పంపిన విమానాలు తిరిగి వస్తున్నాయా అని ఆకాశం వైపు చూస్తూ ఒక్కొక్కటి లెక్కపెట్టుకోవడం అందులో అసలు యుద్ధం. దళాన్ని దండించి, తిట్టి, నిలబెట్టిన జనరల్ ఒక రోజు విమానం ఎక్కబోయి ఎక్కలేకపోతాడు. చేతులు పట్టు వదిలేస్తాయి. ఇక కుర్చీలో కూర్చుని, తనవాళ్ళు తిరిగొచ్చేదాకా ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోతాడు. గ్రెగరీ పెక్ ఏమీ చెయ్యకుండా చేసిన నటన అది.

మన దేశంలో ఇది ఎవరికీ చేతకాలేదనడం అన్యాయం. 'బోర్డర్'లో విమానాలు ఎగిరేది కాసేపే. అయినా ఆ కాసేపటికి అంత విలువ ఎందుకొచ్చింది? 1971 డిసెంబర్ 4 రాత్రి లోంగేవాలా పోస్టు మీదికి పాకిస్తాన్ ట్యాంకులు వచ్చాయి. జైసల్మేర్‌లో హంటర్ విమానాలున్నాయి, కానీ అవి చీకట్లో దాడి చెయ్యలేవు. తెల్లారాలి. పోస్టులో ఉన్నవాళ్ళు చస్తుంటే ఇక్కడ పైలట్లు ఆకాశం ఎప్పుడు తెలుపెక్కుతుందా అని చూస్తూ కూర్చోవాలి. ఆ చెయ్యలేనితనం వల్లే పొద్దున్న మొదటి హంటర్ వచ్చినప్పుడు హాలంతా ఈలలు. రాత్రి కూడా ఎగరగల విమానాలుంటే ఆ సినిమాకి క్లైమాక్సే లేదు.

2025 నాటి 'స్కై ఫోర్స్' దగ్గర నాకు కోపమే వచ్చింది. ఎందుకంటే దాని వెనక ఉన్న నిజం ఇంకా గొప్పది. 1965 సెప్టెంబర్ 7న పాకిస్తాన్‌లోని సర్గోధా వైమానిక స్థావరం మీద దాడికి వెళ్ళిన స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య తిరిగి రాలేదు. పాత మిస్టేర్ విమానంతో, తనకన్నా ఎంతో వేగవంతమైన పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ జెట్‌ని ఎదుర్కొన్నాడు. ఆ పోరాటాన్ని మనవాళ్ళెవరూ చూడలేదు. ఏళ్ళ తరబడి ఆయన 'తిరిగి రాని పైలట్' మాత్రమే. శత్రువు వైపు కథనం బయటపడ్డాకే సంగతి తెలిసింది, 1988లో మహావీర చక్ర ఇచ్చారు. 23 ఏళ్ళు ఎవరూ చూడని పోరాటం! దాన్ని చివరిదాకా చూపించకుండా, వెతికేవాళ్ళకి దొరికిన ముక్కలతోనే మనని నడిపించి ఉంటే ఎలా ఉండేది? తీరా చూస్తే ఫ్లాష్‌బ్యాక్‌లో మామూలు గ్రాఫిక్స్ పోరాటం పెట్టి మొత్తం చూపించేశారు.

ఇక్కడ నా కొలతకే ఒక ఎదురుదెబ్బ ఉంది. కాక్‌పిట్‌లోంచే చూస్తానంటే కింద ఉన్నవాళ్ళ సంగతేమిటి? వాళ్ళు పైలట్‌కి కనపడరు కదా. ఇది మన ఊరివాళ్ళు అడగాల్సిన ప్రశ్న. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి వచ్చిన విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి, అదే రోజు కాకినాడ మీద కూడా. జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకి పరుగులు తీశారు. పైన ఉన్న జపాన్ పైలట్‌కి మన హార్బర్ మ్యాపు మీద ఒక గుర్తు. 'డ్యామ్ బస్టర్స్'లో కూడా అంతే; ఆనకట్ట తెగి వచ్చిన వరదలో వెయ్యి మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో చాలామంది జర్మన్లు బలవంతంగా తెచ్చి పని చేయిస్తున్న పరాయి దేశాల కూలీలు. సినిమాలో వాళ్ళు లేరు.

అయినా నా కొలత మార్చుకోను. పైలట్‌కి కనపడదన్న సంగతిని దాచకుండా, అదే కథగా చెప్పినవాళ్ళున్నారు. 'డన్‌కర్క్'లో ఆ చెయ్యి అదే. జపాన్ యానిమేషన్ దర్శకుడు మియజాకి 2013లో తీసిన 'ది విండ్ రైజెస్' అదే. జపాన్ నౌకాదళానికి జీరో ఫైటర్ గీసిన హొరికోషి కథ అది. అందులో యుద్ధం దాదాపు ఉండదు. అందమైన విమానం గీయాలని ఒక మనిషి పడే తపన ఉంటుంది, చివరికి ఒక మైదానం నిండా విరిగిపోయిన విమానాలుంటాయి. ఇంజిన్ మోతల్ని, భూకంపం చప్పుడుని కూడా మనుషుల గొంతులతోనే చేయించాడు. ఒక ప్రొపెల్లర్ మొదటిసారి తిరిగేటప్పుడు మనిషి గొంతు వినపడితే ఒళ్ళు ఝల్లుమంటుంది. బాంబులు పడిన ఊరివాణ్ణి కాబట్టి ఆ సినిమా మీద నాకు కోపం రావాలి, రాదు. తన పని ఎక్కడికి చేరుతుందో చూడని మనిషిని అది దాచిపెట్టలేదు, మెచ్చుకోనూ లేదు.

మనవాళ్ళకి ఇది చేతనవుతుందా అంటే, ఒకసారి అయింది. కాకపోతే నీటి కింద. 2017 నాటి సంకల్ప్ రెడ్డి 'ఘాజీ'లో చరిత్ర పాళ్ళు ఎంతో నేను వాదించను. కానీ శత్రువు కనపడడు, చప్పుడు మాత్రం వస్తుంది, అందరూ ఊపిరి బిగబట్టి వింటారు. విశాఖ తీరంలో జరిగిన కథని తెలుగువాడు ఇనప డబ్బాలో కూర్చోబెట్టి చెబితే జనం చూశారు, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది.

అదే కథకి రెండో సగం ఆకాశంలో ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ వెతుక్కుంటూ వచ్చింది మన విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్‌ని. విక్రాంత్ విశాఖలో ఉందనుకుని ఇక్కడికి వచ్చిన ఆ సబ్‌మెరైన్ మునిగింది. విక్రాంత్ అప్పటికి అండమాన్ వైపు ఉంది. దానికో జబ్బు ఉండేది. ఒక బాయిలర్ పగిలింది. విమానవాహక నౌక ఎంత వేగంగా గాలికి ఎదురు పోతే డెక్ మీదనుంచి విమానం అంత సులువుగా లేస్తుంది. బాయిలర్ పోతే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే విమానం లేవకుండా సముద్రంలో పడే ప్రమాదం పెరుగుతుంది. అలాంటి నౌక మీదనుంచి 1971 డిసెంబర్ 4న సీహాక్ జెట్లు లేచి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీద, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి.

ఈ సినిమా నేను తీయను కాబట్టి సలహా ఉచితంగా ఇస్తాను. మొదటి అరగంట విమానమే ఎగరకూడదు. బాయిలర్ గదిలో చెమట, ఎంత ప్రెషర్ పెట్టవచ్చో అన్న వాదన, పైన డెక్ మీద గాలి ఎటు ఎంత వీస్తోందో కొలిచేవాడి ముఖం. సీహాక్ ఇంజిన్ పూర్తిగా పెంచి నిలబడి ఉంటుంది, లోపల పైలట్‌కి ముందున్న డెక్ అంచు తప్ప ఏమీ కనపడదు. ఆ అంచు దాటాక విమానం కిందికి జారి మనకి కనపడకుండా పోవాలి. కెమెరా డెక్ మీదే ఉండిపోవాలి, వెంటపడి దూకకూడదు. అరగంట విమానం ఎగరకపోతే జనం ఫోన్లు తీస్తారు అంటారా? 'ఘాజీ'కి తియ్యలేదు కదా.